ఎర్రబండికి రెండు తలుపులే ఎందుకు మిగిలాయంటే

ఆ రోజుల్లో పటాన్‌చెరు వైపు బండికి తలుపులెన్ని అని ఎవరూ అడిగేవారు కాదు, ఎంతమంది పడతారనే అడిగేవారు. ఆటోలో డ్రైవరుకు అటొకరు ఇటొకరు, వెనక ఒకరి ఒళ్లో ఒకరు, అదీ చాలకపోతే కాజీపల్లి కంపెనీలకు షిఫ్టుకు పోయేవాళ్లు కడ్డీ పట్టుకుని బయట వేలాడేవారు. అలాంటి చోట రెండే తలుపులతో, వెనక కూర్చున్నవాళ్ల మోకాళ్లు గడ్డానికి తగిలే కారొకటి మా ఇంటి ముందు నిలబడిందంటే ఊరికి అనుమానం రాకుండా ఎలా ఉంటుంది? ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మొన్న పేపర్లో ఒక వార్త చదివాను (మనవరాలి పలక మీదే నేనూ అక్షరాలు దిద్దుకున్నాను కనుక ఒక్కో వార్తకు నాకు ఒక పూట పడుతుంది). పాతకాలపు షోకు కారు ఒకదాన్ని కంపెనీవాళ్లు మళ్లీ తెస్తారట. దానికి ఒకప్పుడున్న పొడుగు వెనకభాగాన్ని, సంసారం మొత్తం పట్టే ఆ రూపాన్ని కూడా తేవాలా వద్దా అని తెలిసినవాళ్లంతా వాదించుకుంటున్నారట. బొమ్మ చూడగానే గుర్తుపట్టాను. అది మా ఎర్రబండే. ఆ వాదన మా ఇంట్లో ఎప్పుడో జరిగి, తీర్పు కూడా అయిపోయింది.

మా ఆయన హైవే పక్కన ఒక షెడ్డులో డెంటింగు పని చేసేవాడు. సొట్టపడిన లారీ ముఖాన్ని సుత్తితో కొట్టికొట్టి మళ్లీ పెళ్లికొడుకును చేసేవాడు. ఏదో కంపెనీ మేనేజరు ఊరు మారుతూ, తుప్పు పట్టిన ఈ బండిని ‘తీసుకుపో, కళ్ల ముందు లేకపోతే చాలు’ అని ఇచ్చేశాడట. (అంత మంచి బండిని ఊరికే ఎందుకిచ్చాడని నేను అప్పుడే అడిగాను. ఇంతవరకు జవాబు రాలేదు.) మా ఆయన దానికి రేకులు అతికి, ఎరుపు కొట్టి, ఇంటికి తెచ్చాడు. కింద నేలకు ఆనుకుని, ముందు పొడుగాటి ముక్కుతో, పరుగెత్తబోయే జంతువులా ఉండేది. మా అత్తమ్మ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, “తలుపులు ఇంకా పెట్టలేదారా బిడ్డా?” అంది.

ఇక్కడే అసలు చిక్కు. పెద్దవాళ్లు ఉండగా కోడలు మొగుడి పక్కన ముందు సీట్లో కూర్చోవడం మా ఇళ్లలో లేదు. అత్తమ్మ ముందు, నేను వెనక. కానీ ఆ బండిలో వెనక మనిషి దిగాలంటే ముందు మనిషి దిగి, సీటు ముందుకు మడిచి, తలుపు పట్టుకుని నిలబడాలి. మా ఆయన వైపు సీటు తుప్పుతో బిగిసిపోయింది, అది మడవదు. కాబట్టి నేను దిగిన ప్రతిసారీ మా అత్తమ్మే దిగాలి. మొదటిసారి బొంతపల్లి వీరభద్రుడి గుడికి పోయినప్పుడు, నేను వంగి, కొంగు ఒక చేత్తో, కొబ్బరికాయల సంచి ఒక చేత్తో పట్టుకుని బయటికి వచ్చేసరికి అత్తమ్మ తలుపు పట్టుకుని ఎండలో నిలబడి ఉంది. ఎదురుగా పూలమ్మే ఆమె గట్టిగా నవ్వింది. “ఏంది పెద్దమ్మా, కోడలు దిగుతుంటె జవాన్ లెక్క నిలబడ్డవ్? సలాం గూడ కొట్టరాదు!”

మా అత్తమ్మ ముఖం బండి రంగుకు తిరిగింది. నాకు మాత్రం ఆ క్షణం మహా బాగుంది. ఇంట్లో ఆమె లేస్తే నేను లేవాలి, ఆమె తిన్నాక నేను తినాలి. ఈ భూమ్మీద నా కోసం ఆమె లేచి నిలబడే చోటు ఒక్కటే, ఆ తలుపు. ఆ తర్వాత నాకు దారిలో దాహాలు ఎక్కువయ్యాయి.

వారం తిరగకుండానే అత్తమ్మ కొత్త పాట ఎత్తుకుంది. “బిడ్డా, బండిని జెర పొడుగు చెయ్యి. ఎనక రెండు తలుపులు పెట్టు. పాపం, పిల్ల ఎట్ల ముడుసుకోని కూసుంటుందో సూడు.” పాపం అన్న మాట నా గురించి ఆమె నోట రావడం అదే మొదలు. నాకు వెంటనే వాసన తగిలింది. బొంతపల్లిలో మా ఆడబిడ్డ ఉంది, ఆమెకు ఇంటినిండా పిల్లలు. వెనక విశాలమైతే ఆ సంసారమంతా ఎక్కుతుంది, నేను ఇంట్లో గిన్నెల దగ్గర ఉంటాను. అందుకే, “నాకేం ఇరుకు లేదత్తమ్మా, మంచిగనే ఉంది” అన్నాను, నడుము పట్టేసి మంచం దిగలేకపోతున్న రోజున. అత్తమ్మ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. “మోకాళ్లు మూతికి తలుగుతున్నా మంచిగున్నదంటది. దీంట్ల ఏందో కథ ఉన్నది.”

మా ఆయనకు మా ఇద్దరి మీదా అనుమానమే. తల్లి వద్దన్నదాన్ని భార్య కావాలనడం ఆయనకు అలవాటే. ఇక్కడ భార్య సుఖం తల్లి కోరుతోంది, భార్య వద్దంటోంది. “మీరిద్దరు కలిసి నన్ను పరేషాన్ చేస్తున్నరా ఏంది?” అన్నాడు. తీర్పు కోసం షెడ్డులో తనకు పని నేర్పిన ఉస్తాద్ దగ్గరికి పోయాడు. ఆయన దగ్గర ఒక పాత క్యాలెండరు ఉండేది. అందులో ఇదే బండి రెండు రూపాల్లో ఉంది, ఒకటి మాది, ఇంకొకటి పొడుగాటి వీపుతో, వెనక అందరూ పట్టేది. అప్పట్లో రెండూ చేసేవారట, పొడుగుది తర్వాత ఆపేశారట. నేను మధ్యాహ్నం సద్ది పట్టుకుపోయినప్పుడు ఉస్తాద్ క్యాలెండరు ముందు నిలబడి అరుస్తున్నాడు. “అరె బేటా, ఇది చీతా! చీతా ఈపు మీద బస్తాలేస్తవా? టాపు కోస్తె దీని జాన్ పోతది!”

“కంపెనోళ్లే చేసిండ్రు గద ఉస్తాద్, గోడ మీద ఉన్నది గద?” అన్నాడు మా ఆయన.

“చేసిండ్రు. ఎందుకు బంద్ చేసిండ్రో అడిగినవా?”

అది ఎవరికీ తెలియదు. నాకు మాత్రం తెలుసనిపించింది. ఆ కంపెనీవాడి ఇంట్లో కూడా ఒక కోడలు ఉండే ఉంటుంది.

చివరికి తల్లి మాటే నెగ్గింది. ఆయన సుద్దముక్కతో టాపు మీద అడ్డంగా గీత గీశాడు. సోమవారం గ్యాసు కటింగు. ఆ తెల్ల గీత చూస్తుంటే నా మెడ మీద గీసినట్టే ఉంది. ఆదివారం పొద్దున నీళ్లు తెస్తూ దాన్ని కొంగుతో తుడిచేయాలన్న ఆలోచనతోనే బండి దగ్గరికి పోయాను. (తుడిస్తే మళ్లీ గీస్తాడని తెలియనంత అమాయకురాలిని కాను. కోత ఒక్క రోజైనా వెనక్కి పోతుంది గదా అని.) లోపల నుంచి దబదబా చప్పుడు. అద్దంలోంచి చూస్తే వెనక సీట్లో మా అత్తమ్మ! మోకాళ్లు మూతి దగ్గర, కొప్పు టాపుకు ఆనించి, ఒక చేతిలో కాలి కింద పరిచే చాప.

“ఏం జేస్తున్నవత్తమ్మా?”

“నువ్వు ఈడ ఏం దాసిపెట్టుకున్నవో సూద్దామని ఎక్కిన. ఏం లేదు. సీటు ఎనకకు పడ్డది, వస్తలేదు. జల్దీ తీయవే, ఊపిరాడ్తలేదు!”

నేను బిందె దించి, తలుపు తీసి, సీటు మడిచి, పక్కకు జరిగి నిలబడ్డాను. ఆమె ఒక కాలు బయటపెట్టి, కొంగు సర్దుకుని, నా భుజం మీద చెయ్యి వేసి, నింపాదిగా దిగింది. పక్కింటామె గోడ మీద నుంచి చూస్తోంది. “అబ్బ, కోడలు తలుపు పట్టుకుంటె దొరసాని లెక్క దిగినవ్ వదినా!”

అత్తమ్మ ఆగిపోయింది. సీటు వైపు చూసింది. తలుపు వైపు చూసింది. తలుపు పట్టుకున్న నా చేతి వైపు చూసింది. అంతవరకు నేను దాచిందేమిటో ఆమె చాప కింద వెతికింది. అది చాప కింద లేదని ఆమెకు తెలిసిపోయిన క్షణం నాకు స్పష్టంగా కనిపించింది.

“ఇంకొక్కసారి ఎక్కుత,” అంది. “పట్టుకో.”

ఎక్కింది. మళ్లీ దిగింది. ఈసారి పక్కింటామె చూసేదాకా లోపలే కూర్చుని మరీ దిగింది. సాయంత్రం కొడుకును పిలిచి, “కోసుడు గీసుడు ఏమొద్దు బిడ్డా. మంచి బండిని ఖరాబ్ చేస్తర? ఇగ నేను ఎనక కూసుంట. ముందట నాకు గాలి పడ్తలేదు” అంది. తన మాట వల్లే బండి బతికిందనుకుని ఉస్తాద్ షెడ్డులో అందరికీ చాయ్ తాగించాడు.

అలా నేను ముందు సీటుకు వచ్చాను. బొంతపల్లి దారి అంతవరకు నాకు అత్తమ్మ కొప్పు పక్క నుంచే తెలుసు. ఇప్పుడు దారంతా నా ముందే విప్పుకుంది, మా ఆయన గేరు మార్చినప్పుడల్లా గాజులకు చెయ్యి తగిలేది. కానీ ఆ సుఖం నిలవనిస్తే కదా! “జెర ఆపు బిడ్డా, మిరపకాయలు ఎట్ల ఇస్తుండో అడుగుత.” నేను దిగాలి, మడవాలి, నిలబడాలి. “జెర ఆపు, నడుము సాపుకుంట.” మళ్లీ దిగాలి. ఆడబిడ్డ ఇంటి ముందైతే పిల్లలంతా వచ్చి నిలబడేదాకా దిగేదే కాదు. కొడుకు పక్క సీటును ఆమె ఓడిపోయి నాకు వదిలిందా, తెలిసే ఇచ్చిందా అని ఎన్నోసార్లు ఆలోచించాను. పైన చిన్న అద్దంలో చూస్తే ఆమె కూడా నన్నే చూస్తుండేది, అదే ప్రశ్నతో.

ఆమె పోయింది, బండి తుప్పుకే పోయింది. ఇప్పుడు మా అబ్బాయి కారుకు నాలుగు తలుపులు, ఎవరి తలుపు వాళ్లు తీసుకుని దిగిపోతారు, ఎవరూ ఎవరి కోసమూ ఆగరు. నేను ముందు, కోడలు మనవరాలితో వెనక. ఆ వార్త వాళ్లకు చదివి వినిపించి, “మరి ఆ బండికి పొడుగు వీపు తెస్తే మంచిదా, వద్దా?” అని అడిగాను. మా అబ్బాయి నోరు తెరిచేలోపే కోడలు అందుకుంది. “వద్దత్తమ్మా, రెండు తలుపులదే ముద్దుగుంటది.”

చప్పున అన్నది. మరీ చప్పున అన్నది. ఎర్రబండి గురించి ఈ పిల్లకు ఎవరు చెప్పారు? నేను పేపరు మడిచి పక్కన పెట్టి, ఎప్పుడన్నా అలాంటిది కొంటే వెనక సీటు నాదేనని, మోకాళ్లు ఏమైనా సరేనని చెప్పేశాను. నా మాట నా చెవికే అత్తమ్మ గొంతులా వినిపించి నవ్వొచ్చింది. కోడలూ నవ్వింది. ఎందుకు నవ్విందో ఇంకా కనుక్కోవాలి.