రెండు కేసరాల మామిడి పువ్వు

ఫిబ్రవరి ఎండకు మా ల్యాబు కిటికీలోంచి మామిడి పూత వాసన వస్తుంది. కాస్త తీపి, కాస్త వగరు, కాస్త జిగురు. తిరుపతిలో నేను వృక్షశాస్త్రం చెప్పే కాలేజీ గోడ అవతల ఎవరిదో చెట్టుంది. ఆ వాసన ముక్కుకు తగిలితే చాలు, చేతిలో పని ఆగిపోతుంది. చిత్తూరులో నాకు డిగ్రీ పాఠాలు చెప్పిన మునిరత్నం సారు గుర్తొస్తారు. మీరెవరూ ఆయన్ను చూసి ఉండరు. పొట్టి మనిషి, జేబులో పెన్ను పక్కన ఎప్పుడూ ఒక భూతద్దం. మొక్క గురించి తక్కువ, మొక్కను చూసిన మనుషుల గురించి ఎక్కువ చెప్పేవారు. పూర్వం ఎవరు ఏమనుకున్నారు, ఎందుకలా అనుకున్నారు, ఎక్కడ పొరబడ్డారు, అంతా అదే. పరీక్షకు రాని ఈ సోదంతా మనకెందుకని వెనక బెంచీలో గొణుక్కునేవాళ్లం.

మా కాలేజీలో ప్రాక్టికల్ రికార్డు రాయడానికి ఒక ఆచారం ఉండేది. సీనియర్ల రికార్డు తెచ్చుకుని, కిటికీ అద్దానికి ఆనించి, పైన తెల్లకాగితం పెట్టి బొమ్మ దించేసుకోవడం. మా నాయనకు రెండెకరాల మామిడి తోట. పూత రాలిన నేల మీదే పాకి పెరిగినదాన్ని. అయినా మామిడి పువ్వు బొమ్మను అద్దం మీదే దించాను. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా!

చివరి ఏడాది ప్రాక్టికల్స్‌కు పన్నెండు రోజులున్నాయనగా సారు మా ముప్ఫై రికార్డులూ బల్ల మీద పరిచారు. ఒక్కదాని మీదా సంతకం పెట్టలేదు. సంతకం లేకపోతే పరీక్షకు రానివ్వరు. ఒక్క పరీక్ష తప్పినా చదువు మాన్పిస్తానని నాయన అప్పటికే చెప్పి ఉన్నాడు.

"ఏమ్మా, మామిడి పువ్వులో పొడుగు కేసరాలు ఎన్నుండాయి?" అని నన్నే అడిగారు.

"రెండు సార్."

"యాడ సూసినావు?"

"రికార్డులో సార్."

క్లాసంతా గొల్లున నవ్వింది. అప్పుడే మమ్మల్ని ఆవరణలోని మామిడి చెట్టు దగ్గరికి తీసుకుపోయి భూతద్దం చేతికిచ్చారు. పుప్పొడి మోసే పొడుగు కేసరం ఒక్కటే ఉంది. మిగతావి పొట్టివి, వట్టివి. సిగ్గుతో చచ్చిపోయాను.

తిరిగొచ్చాక ఎవరి రికార్డు ఎవరి నుంచి దించామో ఒక్కొక్కరినీ అడిగి, బోర్డు మీద కొమ్మలు కొమ్మలుగా గీశారు. "ఒప్పు ఎవురికి వాళ్లే గీయొచ్చు. ముప్ఫై మందీ ఒకటే తప్పు గీసినారంటే అందరికీ తల్లి ఒకటే. జీవుల్లో సుట్టరికం కూడా ఇట్లనే పట్టినారు, వాటి ఒంట్లో పనికి రాకుండా మిగిలిపోయిన, మన తోకెముక లాంటి గుర్తుల్ని బట్టి. పాత రికార్డులు స్టోరు గదిలో ఉండాయి. ఈ తప్పు యాడ మొదలైందో పట్టుకొని రాండి, సంతకం పెడతాను" అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. పరీక్షలు నెత్తి మీదుంటే ఇదేం వేళాకోళం! నేనూ నా స్నేహితురాలు లలితా మూడు రోజులు ఆ దుమ్ములో తుమ్ముకుంటూ వెతికాం. ఏ ఏటి రికార్డు తీసినా రెండు కేసరాలే. అన్నిటికన్నా అడుగున చుట్టచుట్టిన ఒక గుడ్డ చార్టు దొరికింది. రంగుల్లో మామిడి పువ్వు, రెండు పొడుగు కేసరాలు, మూలన సంతకం: మునిరత్నం. గురివింద తన నలుపెరగదంటారు, దొరికినారు సారూ అనుకున్నాను. ఎంత సంతోషమో!

"వద్దు మే, సంతకం కాదు, టీసీ సేతిలో పెడతాడు" అని లలిత చెయ్యి పట్టుకుంది. నేను వినలేదు. క్లాసు మధ్యలో అందరి ముందూ చార్టు విప్పాను.

సారు చార్టు దగ్గరికి వచ్చారు. తను గీసిన బొమ్మకే భూతద్దం పెట్టి చూశారు. "నేను ఉద్యోగంలో సేరిన ఏడు గీసింది. పువ్వును సూసే గీసినాను తల్లీ, దించలేదు. ఆ పువ్వులో రెండే ఉండినాయి" అన్నారు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన కోప్పడలేదు. మళ్లీ అందరినీ చెట్టు కిందికి పంపించారు. మధ్యాహ్నం దాకా పూత గుత్తులు వంచి ఒక్కో పువ్వూ చూశాం. చివరికి లలితకు ఒకటి దొరికింది, తర్వాత నాకొకటి. నిజంగానే రెండు పొడుగు కేసరాలు.

"నా కన్ను తప్పు సూడలేదు. ఒక పువ్వును సూసి మామిడంతా ఇంతే అనుకున్నాను, అదే తప్పు. ఇన్నేండ్లూ ఆ తప్పుకే సంతకాలు పెడతా వచ్చినాను, ఈ ఏడే మల్లా పువ్వును సూసినాను. వేల ఏండ్లు పెద్ద పెద్దోళ్లే ఇట్లనుకున్నారు. ప్రతి జాతికీ ఒక సరైన రూపం ఉండాది, తేడాగా ఉండేదంతా లోపమే అని. ఆ తేడాల్లోనించే కొత్త జాతులు వస్తాయని తెలిసేదానికి అన్నాళ్లు పట్టింది" అన్నారు సారు. బోర్డు మీద ఇంకా చెరపని కొమ్మల మొదట్లో పెద్ద అక్షరాలతో తన పేరు రాసుకున్నారు. మేం ప్రతి బొమ్మా చెట్టునూ మొక్కనూ చూసి మళ్లీ గీశాం. అందరికీ సంతకాలు పెట్టారు. నేను పరీక్ష పాసయ్యాను.

రికార్డు చేతికిస్తూ, నాకు మాత్రమే వినపడేలా అన్నారు: "నన్ను పడగొట్టాలనే తెచ్చినావు కదమ్మా, సార్టు?"

తల వంచుకున్నాను.

"పర్వాలేదులే. కోపంతో ఎతికినా దొరికింది నిజమే కదా. మంచి పని సేసినావు."

సారు పోయి నాలుగేళ్లయింది. అంత పెద్ద మనసు నాకెక్కడిది? పిల్లలు నా తప్పు పడితే ఇప్పటికీ చురుక్కుమంటుంది. "పుస్తకంలో ఎట్లుంటే అట్ల రాయి" అని నోరు మూయించిన రోజులూ ఉన్నాయి, తలుచుకుంటే సిగ్గేస్తుంది. పోయిన వారం ఒక అమ్మాయి లేచి, "మేడమ్, మీరు చెప్పింది తప్పు" అంది. గొంతులో పొగరు బాగానే ఉంది. నాకు కోపం వచ్చింది. "ఏదీ, చూపించు" అన్నాను. ఆ ఒక్క మాట అనడానికి నాకు పాతికేళ్లు పట్టింది.