తుండు కింద చెయ్యి

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, మామిడి పూత వేళ, విజయవాడలో నేను పనిచేసే క్యాన్సర్ ఆస్పత్రిలో నన్ను వార్డు నుంచి రీసెర్చి విభాగానికి మార్చారు. హోదా ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్. పేరు ఘనమేగాని ఆ విభాగంలో నాకంటే కింద ఉన్నది టీ తెచ్చే మనిషి ఒక్కడే. పైన ఇద్దరు కోఆర్డినేటర్లు, వాళ్లపైన ఒక జూనియర్ డాక్టరమ్మ, అందరిపైనా పరిశోధనకు బాధ్యత వహించే పెద్ద డాక్టరుగారు. నేను పదో తరగతి తప్పినవాణ్ణి. ఇంగ్లీషు నేర్చుకున్నది మందు డబ్బాల్లో మడతపెట్టి ఉంచే కాగితాలు చదివి. పరిశోధన ఎలా జరగాలో రాసిన నియమావళిని ప్రోటోకాల్ అంటారు. దాన్ని డిక్షనరీ పక్కన పెట్టుకుని అట్ట నుంచి అట్ట దాకా చదివాను. నాది నూజివీడు దగ్గరి ఊరే కాబట్టి ఆ వైపు పేషెంట్లందరినీ నాకు అప్పగించారు.

పరిశోధన పేగు క్యాన్సర్ మందుల గురించి. ఆపరేషన్ చేసి గడ్డ తీసేశాక, ఎక్కడైనా కణాలు మిగిలి ఉంటే చంపడానికి రెండు మందులు కలిపి ఇస్తారు. ఒకటి మాత్రలు, రెండోది సెలైన్‌లో ఎక్కించేది. ఈ ఎక్కించే మందు నరాల చివళ్లను దెబ్బతీస్తుంది. మొదట్లో చల్లటి వస్తువు ముట్టుకుంటే వేళ్లు జివ్వుమంటాయి, చన్నీళ్లు తాగితే గొంతులో గాజుపెంకులు దిగినట్టుంటుంది. విడతలు గడిచేకొద్దీ వేళ్లూ పాదాలూ మొద్దుబారతాయి. అది ఎవరికి ఎప్పుడు మొదలవుతుంది, ఏ దశలో కనిపెడితే చేతులు దక్కుతాయి అన్నది మేం తేల్చాలి. దుష్ప్రభావాలను గ్రేడులుగా రాస్తారు. ఊరికే తిమ్మిరిగా ఉంటే మొదటి గ్రేడు. పనులకు అడ్డం వస్తే రెండు, అప్పుడు మోతాదు తగ్గించాలి. చొక్కా గుండీ కూడా పెట్టుకోలేని స్థితి మూడు, అప్పుడు ఆ మందు ఆపెయ్యాలి. ఆలస్యమైతే పోయిన స్పర్శ తిరిగి రాకపోవచ్చు.

ప్రతి విడతకీ ముందు పేషెంటు పక్కన కూర్చుని ప్రశ్నావళి చదివి జవాబులు రాసుకోవడం నా పని. దాన్ని తెలుగు చేసిందెవరో నాకు తెలియదు. తెలిస్తే బస్సెక్కి వెళ్లి నాలుగు మాటలు అడిగి వచ్చేవాణ్ణి. ‘గత వారములో మీ హస్తముల అగ్రభాగములయందు స్పర్శాసంబంధిత అసౌకర్యమును అనుభవించియున్నారా?’ ఇదేం భాషండీ? ఉంగుటూరులో నాట్లేసుకునే మనిషి దీనికేం చెబుతుంది? ఒకావిడ నా మొహం ఎగాదిగా చూసి, “అట్టాంటియ్యి మా ఇంటావంటా లేవండీ” అంది. అందుకు నేను సున్నా వెయ్యాలి. వేశాను. అలా పోగైన సున్నాలు చూసి మీటింగులో ఒక కోఆర్డినేటరు, మనవాళ్లకి తట్టుకునే శక్తి ఎక్కువండీ అని తేల్చేశాడు. నాకు ఒళ్లు మండింది. తట్టుకోవడం వేరు, చెప్పకపోవడం వేరు అన్నాను. ప్రోటోకాల్ ప్రకారం వెళదాం అన్నాడు. ఆ ప్రోటోకాల్ ఆయన ఎంత చదివాడో నేనడగలేదు.

వెంకటరత్నంగారు నా పేషెంట్లలో ఒకరు. జి. కొండూరు నుంచి నూజివీడు వచ్చే దారిలో ఒక పల్లె. మామిడి తోటల దళారీ. మా వైపు కాయ చెట్టు మీద ఉండగానే పంట అమ్మేస్తారు. రైతుకీ కొనే వ్యాపారికీ మధ్య నిలబడి ధర కుదిర్చేది దళారీ. మనిషి సన్నగా, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాలో ఉండేవారు. భార్య మహాలక్ష్మమ్మ ప్రతిసారీ ఫ్లాస్కులో వేణ్నీళ్లు పట్టుకుని వెంట వచ్చేది. కళ్లజోడు, చేతిలో కాగితాలు చూసి వార్డులో అందరూ నన్ను మేస్టారనేవారు. “పాఠం ఒక్కటీ చెప్పరు, ఎప్పుడూ పరీక్షలే పెడతారేంటండీ మేస్టారూ” అనేవారు రత్నంగారు. ప్రశ్నలకి మాత్రం ఒకటే జవాబు. “ఏం లేదండీ. బానే ఉంది.” నా సొంత మాటల్లో తిప్పి అడిగేవాణ్ణి, వేళ్లు మొద్దుబారాయా, కాలి చెప్పు జారితే తెలుస్తోందా అని. “నడిచేగా వచ్చింది, కనపట్టంలా?” అనేవారు. సున్నా.

సగం విడతలు అయ్యాక పేషెంటుని ఇంటి దగ్గర ఒకసారి చూడాలని ప్రోటోకాల్‌లో ఉంది. ఎండలు ముదిరిన రోజుల్లో, కాయ కోతకు కొంచెం ముందు, నేను వాళ్ల ఊరు వెళ్లాను. మహాలక్ష్మమ్మ గుమ్మంలోనే చెప్పింది, ఆయన తోట దగ్గర ఉన్నారని, బాపులపాడు నుంచి కోటేశ్వరరావన్నయ్య బేరానికి వచ్చాడని. నేను కూడా తోటకే నడిచాను.

కోటేశ్వరరావు వ్యాపారి. పాతికేళ్లుగా రత్నంగారి చేతి మీదుగా తోటలు కొంటున్నాడు. చుట్టరికం లేదు, అయినా బావా అంటే బావా అనుకుంటారు. నేను వెళ్లేసరికి చెట్టు నీడన నిలబడి ఉన్నారు, రైతు కొంచెం ఎడంగా ఉన్నాడు.

“ఏం బావా, ఈ గోలీలు చూడ్డానికా నన్ను ఎండలో రమ్మంది?”

“కళ్లద్దాలు మార్పించుకో బావా. గోలీలు గాదు, చిన్నరసాలు.”

“చిన్నరసాలే. మరీ ఇంత చిన్నయ్యనుకోలా.”

“నీ మనసంత లేవులే, కొంచెం పెద్దయ్యే.”

ఈ వెటకారాల మధ్యే ఇద్దరూ చేతులు కలిపి పైన తుండు కప్పుకున్నారు. పాతకాలపు దళారులు కొందరు ఇంకా ఇలాగే చేస్తారు. ధర పైకి అనరు. వేలికింత అని ముందే అనుకుంటారు, కొనేవాడు తుండు కింద ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత. పక్క తోటలవాళ్లకీ మిగతా వ్యాపారులకీ తెలియకూడదని ఈ ఏర్పాటు. కాసేపటికి తుండు తీశారు. రత్నంగారు వెళ్లి రైతు చెవిలో ధర చెప్పారు. రైతు మొహం మాడిపోయింది. “పోయినేటికన్నా తక్కువా? ఇదేం ధర కోటేశ్వరరావుగారూ?” అన్నాడు గట్టిగా.

కోటేశ్వరరావు ఒక్క క్షణం రత్నంగారి మొహంలోకి చూశాడు. తర్వాత నవ్వేసి, “ఆయన తప్పేం లేదయ్యా. నా చేతికి చెమట పట్టి వేలు జారింది. ఎవడు వింటే నాకేంటిలే, నోటితోనే చెప్తా” అని అసలు ధర అందరికీ వినపడేట్టు అనేశాడు. రైతు సరేనన్నాడు. రత్నంగారు తుండు దులిపి భుజాన వేసుకున్నారు. దులపడానికి అందులో ఏమీ లేదు.

రత్నంగారు రైతుతో మాట్లాడుతుంటే కోటేశ్వరరావు నన్ను పక్కకి పిలిచాడు. “మీరేనా ఆస్పత్రి మేస్టారు? ఇది మొదటిసారి గాదండీ. నేను నాలుగు వేళ్లు పడితే మూడంటాడు. గట్టిగా నొక్కితే నా మొహం చూస్తాడు. చెయ్యి పలకట్లేదు, కొయ్యని పట్టుకున్నట్టుంది.” ఆయనకి ఎందుకు చెప్పలేదని అడిగాను. “ఎట్టా చెప్తానండీ? దళారీకి చెయ్యి పోయిందని నలుగురికీ తెలిస్తే రేపట్నించి ఎవడన్నా తోట అప్పగిస్తాడా? పోనీ తక్కువకి వస్తందిగా అని ఊరుకుందామా అంటే, ఇన్నేళ్లలో ఆ చెయ్యి నన్ను ఒక్కసారి మోసం చెయ్యలా.”

ఇంటికి వచ్చాక అరుగు మీద కూర్చున్నాం. మహాలక్ష్మమ్మ నాకు కుండలో నీళ్లు, ఆయనకి ఆ ఎండలో కాచిన నీళ్లు ఇచ్చింది. ఆయన గ్లాసుని రెండు చేతులతో పట్టుకుని, కళ్లతో చూసుకుంటూ ఎత్తారు. నేను డొంకతిరుగుడు లేకుండా అడిగాను. ఆయనకి కోపం వచ్చింది. “కోటేశుగాడు ఊదాడా? వాడి చేతుల్లో చెమట కాలవ పారతది, అది నా తప్పా?” అన్నారు. తర్వాత గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పారు. “ఉందని రాశారనుకోండి, మందు తగ్గిస్తారు. నా పక్క మంచం ఆయనకి తగ్గించారు. తగ్గించారంటే ఏంటండీ అర్థం? ఇంక లాభం లేదని వదిలేసినట్టేగా. వేళ్లు పోతే పోనీండి. మనిషి ఉంటే చాలు.” ఆ చివరి మాట నాతో అనలేదు, గుమ్మంలో నిలబడ్డ భార్య వైపు చూసి అన్నారు.

తగ్గించడం వదిలెయ్యడం కాదనీ, ఆ మెట్టు కూడా వైద్యంలో భాగంగానే ముందే రాసి ఉంటుందనీ నాకు తెలిసినంత చెప్పాను. ఆయన వింటున్నట్టు లేదు.

మహాలక్ష్మమ్మ వచ్చి ఆయన పక్కన కూర్చుంది. ఆయన భుజం మీద తుండు లాగింది.

“నాదీ ఒక బేరముంది, చెయ్యండి.”

ఆ తుండు కింద ఆడవాళ్లెవరూ చెయ్యి పెట్టి ఉండరు. ఆయనకి నవ్వొచ్చింది. “నువ్వేం తోట కొంటావే?”

“కొంటాలెండి. చెయ్యివ్వండి.”

చెయ్యిచ్చారు. ఆవిడ తుండు కప్పింది. ఆయన అలవాటు ప్రకారం ఎటో చూస్తూ, బేరం తనది కానట్టు మొహం పెట్టారు.

“ఎన్ని?” అంది.

“రెండు.”

“సరిగ్గా చూసుకుని చెప్పండి.”

“రెండేనే. ఏం, కాదా?”

ఆవిడ తుండు తీసేసింది. ఆయన అయిదు వేళ్ల చివళ్లూ ఆవిడ గుప్పిట్లో ఉన్నాయి. “అయిదూ పట్టుకున్నానండీ” అంది. తర్వాత కూడా వదల్లేదు.

ఆయన ఆ గుప్పిటనే చూస్తూ కూర్చున్నారు. ఆవిడ నా వైపు తిరిగి, “ఈ మధ్య చొక్కా గుండీలు కూడా నన్నే పెట్టమంటున్నారండీ. ముద్దుకి అడుగుతున్నారనుకున్నా. ఈ వయసులో ఇదేం ముచ్చటండీ అని నవ్వాను కూడా” అంది. అప్పుడు రత్నంగారు, “రాసుకోండి మేస్టారూ” అన్నారు.

గ్రేడు వేసే అధికారం నాకు లేదు. అది డాక్టరు పరీక్షించి వెయ్యాలి. అక్కణ్నుంచే జూనియర్ డాక్టరమ్మకి ఫోన్ చేశాను. ఆవిడ మరుసటి విడత దాకా ఆగకుండా రప్పించింది. ట్యూనింగ్ ఫోర్కు అనే రెండు పంగల ఉక్కు పుల్లని మోగించి కాలి వేలి కణుపు మీద ఆనించి, అదురు తెలుస్తోందా అని అడిగింది. కళ్లు మూయించి చేతిలో గుండీ ఒకసారి, తాళంచెవి ఒకసారి పెట్టింది. రెండింటికీ తేడా చెప్పలేకపోయారు. మూడో గ్రేడు. ఎక్కించే మందు ఆపేశారు. పెద్ద డాక్టరుగారు కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుని చెప్పారు: గడ్డ ఆపరేషన్‌లోనే పోయింది, ఈ మందు ఇప్పటిదాకా చెయ్యాల్సిన పని చాలావరకు చేసింది, మాత్రలు కొనసాగుతాయి, పరిశోధనలోంచి మిమ్మల్ని తీసెయ్యడం లేదు అని. “వదిలేసినట్టు కాదుగదండీ?” అని రత్నంగారు మళ్లీ అడిగారు. కాదని ఆయన మళ్లీ చెప్పారు. విసుక్కోలేదు. ఆ సంగతి కూడా ఇక్కడ రాయాలి.

మందు ఆపిన తర్వాత రెండు మూడు నెలలు తిమ్మిరి తగ్గకపోగా పెరిగింది. ఈ మందు లక్షణమే అంత. ముందే చెప్పాను, అయినా చెప్పించుకోవడం వేరు, పడటం వేరు. ఫోన్ చేసి, “ఆపితే తగ్గుద్దన్నారుగా? ఏదీ?” అని నన్ను తిట్టేవారు. మహాలక్ష్మమ్మ ఫోన్ తీసుకుని, “మీరేం అనుకోకండి మేస్టారూ, ఆ తిట్లు మీకు గాదు, వేళ్లకి” అనేది. ఆ సీజన్లో మిగిలిన బేరాలన్నీ కోటేశ్వరరావు నోటితోనే ఆడాడు. తోటి వ్యాపారులు ఆచారం చెడగొడుతున్నావని తిట్టుకున్నారు. తన చేతులకి చెమట జబ్బు వచ్చిందని అందరికీ చెప్పుకు తిరిగాడు.

ఈలోగా నాకో గొడవ వచ్చింది. మందు కంపెనీ తరఫున రికార్డులు తనిఖీ చేసే మనిషిని మోనిటర్ అంటారు. ఆయన వచ్చి, ఈ సమాచారం పేషెంటు భార్య దగ్గర్నుంచి ఎందుకు తీసుకున్నారు, ఫారంలో దానికి గడి లేదే అన్నాడు. “చొక్కా ఆయనదండీ, గుండీ పెట్టింది ఆవిడ. ఎవర్నడగమంటారు?” అన్నాను. నా స్థాయికి మించి గట్టిగానే అన్నాను. పెద్ద డాక్టరుగారు నా పక్షాన నిలబడి, ప్రశ్నల తెలుగు మార్చడానికి ఎథిక్స్ కమిటీ అనుమతి కోరారు. పేషెంట్ల హక్కులు చూసే కమిటీ అది. తాపీగా, చాలా తాపీగా అనుమతి వచ్చింది. ‘మీ చొక్కా గుండీలు, జాకెట్టు హుక్కులు ఎవరు పెడుతున్నారు?’ అన్న ప్రశ్న చేరింది. ఇంట్లోవాళ్లని అడిగే గడి మాత్రం ఇవ్వలేదు. నేను అడుగుతూనే ఉన్నాను, డాక్టరమ్మ తన నోట్సులో రాస్తూనే ఉంది. తట్టుకునే శక్తి గురించి మీటింగులో మళ్లీ ఎవరూ మాట్లాడలేదు.

తర్వాతి మామిళ్లకి రత్నంగారి చేతివేళ్లలో స్పర్శ చాలావరకు వచ్చింది. కాలివేళ్లలో రాలేదు, ఇప్పటికీ చెప్పుల వెనక పట్టీ ఉండాల్సిందే. నేను రిటైరయ్యే నాటికి చేసిన పరీక్షల్లో జబ్బు తిరిగి కనపడలేదు.

పేషెంట్లు అబద్ధం చెబుతారని ఈ వృత్తిలో తేలిగ్గా అనేస్తారు. నేను చూసినంతలో, చెబితే ఏం పోతుందో లెక్క వేసుకుని, అది పోకుండా మాట్లాడతారు. కాబట్టి ఏం బాధగా ఉంది అని అడిగే ముందు, ఉందని చెబితే ఏమవుతుందనుకుంటున్నారు అని అడగాలి. ఆ భయానికి డాక్టరు చేత జవాబు చెప్పించాలి. ఆ తర్వాతే కాగితం తియ్యాలి. మిగిలిన సర్వీసంతా నేను ఆ వరసలోనే పనిచేశాను, నా తర్వాత చేరినవాళ్లకీ ఆ వరసే నేర్పాను.