పెద్దమ్మ పళ్ళ సెట్టు

"అమ్మీ, మీ పెద్దమ్మ పలకట్లేదే" అంటూ తెల్లారేసరికి పెదనాన్న మా గేటు దగ్గరికొచ్చాడు. డాక్టరు వచ్చి చూసి, నిద్రలోనే పోయిందన్నాడు. నెల కావస్తోంది. గాజువాకలో మా ఎదురింటావిడ. చుట్టరికం ఏమీ లేదు, ఇన్నేళ్ళు పెద్దమ్మా అని పిలవడమే చుట్టరికం.

పెదనాన్న ఫ్యాక్టరీలో క్రేను నడిపి రిటైరయ్యాడు. ఏ షిఫ్టు నుంచి వచ్చినా ఆయనకి వేడన్నం పెట్టిన మనిషి ఆవిడ. నవ్వు ఎక్కువ. పళ్ళన్నీ ఊడాక మాత్రం కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. జంతికలు టీలో నానబెట్టుకునేది. వంజరం చేప ముక్క పెదనాన్న కంచంలో వేసి, తాను పులుసు కలుపుకునేది. "పులుసులోనే ఉంటాదే రుసంతా" అనేది. నేనూ నమ్మాను. అందుకు నా మీద నాకే కోపం.

ఫ్యాక్టరీ వాళ్ళిచ్చిన వైద్యం కార్డు మీద పెదనాన్న ఎప్పుడో పళ్ళు కట్టించుకున్నాడు, కళ్ళజోడు తీసుకున్నాడు. ఇంటికి ఒకరికే ఇస్తారనుకుని ఆవిడ ఊరుకుంది. ఆయనా అదే అనుకున్నాడు. ఓ రోజు మందులు తెమ్మని కార్డు నా చేతికిస్తే, భార్యకి విడిగా ఇస్తారని వెనకే రాసి ఉంది. చదివి వినిపించాను. పెదనాన్న కార్డు తీసుకుని తనూ ఓసారి తిప్పి చూసుకున్నాడు. మీ ఇంట్లో అలాంటి కార్డుంటే ఒకసారి వెనక్కి తిప్పి చదవండి.

మర్నాడే షేర్ ఆటోలో ఆసుపత్రికి వెళ్ళాం. కౌంటర్లో అతను కార్డు మీది జంట ఫోటో చూశాడు, ఆవిడని చూశాడు. "పోలిక తెలీట్లేదమ్మా, కొత్త ఫోటో తెండి" అన్నాడు. ఆవిడకి నిండుగా పళ్ళున్న రోజుల ఫోటో అది.

అక్కడ మొండికేసింది. "బోసినోటితో ఫోటో దిగమంటావేటే? నాను దిగను. ముందు పళ్ళు కట్టమను."

"ఫోటో ఇస్తేనే కడతారు పెద్దమ్మా."

"అయితే నాకొద్దు. కూడు మానేసానేటి?"

ఈ తగువు నాలుగు నెలలు నడిచింది. ఎప్పటికైనా ఒప్పుకుంటుందిలే అని నేనూ నవ్వేసి ఊరుకున్నాను. ఆ నాలుగు నెలలే ఇప్పుడు గుచ్చుకుంటున్నాయి.

చివరికి పెదనాన్నే ఆవిడని స్టూడియోకి తీసుకెళ్ళాడు. తన పళ్ళ సెట్టు తీసి జేబులో వేసుకుని పక్కన కూర్చున్నాడు. "ఇద్దరం బోసే. తియ్యి బాబూ" అన్నాడు. ఆవిడ కొంగు సంగతి మర్చిపోయి నవ్వేసింది.

కార్డు మారింది. చిగుళ్ళకి అచ్చు తీశారు. "సెట్టొచ్చాక పచ్చి జాంకాయ కొరికి సూపిత్తాను, సూడండి" అని వీధిలో అందరికీ చెప్పుకుంది. పది రోజులు తిరక్కుండానే పోయింది.

మొన్న ఆసుపత్రి నుంచి ఫోను. సెట్టు తయారైంది, పేషెంటుని తీసుకురమ్మని. వద్దంటున్నా పెదనాన్న బయల్దేరాడు. తోడు వెళ్ళాను. సంగతి చెబితే అక్కడి అమ్మాయి డబ్బా ఆయన చేతిలో పెట్టింది.

ఆటోలో మూత తీశాడు. గులాబీ రంగు చిగుళ్ళ లోపలి వంపుని బొటనవేలితో మెల్లగా తడిమాడు. "ఇది దాని నోరే అమ్మీ" అన్నాడు. మూత పెట్టేశాడు. రోడ్డంతా గోతులు. ఆటో ఎగిరినప్పుడల్లా డబ్బాని రెండు చేతులతో పొట్టకి అదుముకుంటూ కూర్చున్నాడు.