అడవిపొలంలో దొరకని నాణెం

పద్నాలుగేళ్లుగా నేను మోస్తున్న బరువు మూడున్నర గ్రాములకి కొంచెం పైన. కంసాలి త్రాసులో వేసి చూశాను. ఒక వెండి నాణెం. అంత తేలికైన వస్తువు గురించి ఇన్నాళ్లు నోరు మెదపలేకపోయాను. పది రోజుల కిందటి వరకూ అది చిన్న అబద్ధమనీ, దానివల్ల ఎవరికీ ఏమీ కాలేదనీ అనుకుంటూ బతికాను. ఎలా అనుకోగలిగాను? ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోతున్నాను. రాయడం మొదలుపెట్టి మూడుసార్లు లేచి వెళ్లి, మళ్లీ వచ్చి కూర్చున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిదేమో.

యానాంలో భూములు కొలిచే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. పంతొమ్మిదో ఏట నుంచి రోజూ డైరీ రాస్తున్నాను. ఎండా వానా, ఎవరి పొలం కొలిచాను, ఏం తిన్నాను, ఎవరు వచ్చారు, అన్నీ ఉంటాయి. ఎవరైనా పాత సంగతికి తగువు పడితే, సర్వేయరు గారి పుస్తకం చూస్తే తేలిపోతుందనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఛాతీ ఉబ్బేది.

నాకున్న ఒకే ఒక పిచ్చి పాత నాణేలు. మన రాజులవి కాదు. గ్రీకులవీ, రోమన్లవీ. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆఫీసు ఫైళ్లు పట్టుకుని పాండిచ్చేరి వెళ్లినప్పుడు, పక్కనే ఉన్న అరికమేడు చూశాను. రెండు వేల ఏళ్ల కిందట రోము నుంచి పడవల్లో వచ్చి ఇక్కడ బేరాలాడి వెళ్లారని అక్కడొకాయన చెప్పాడు. నాకు ఒళ్లు జలదరించింది. ఆ సాయంత్రమే ఒక ముసలి వ్యాపారి దగ్గర, బిస్కెట్ల డబ్బాలోంచి ఏరి, అరిగిపోయిన రాగి బిళ్ళ ఒకటి కొన్నాను. తర్వాత పాండిచ్చేరి వెళ్లినప్పుడల్లా ఒకటో రెండో. ప్రతిదాన్నీ మంచినీళ్లలో వారం నానబెట్టి, వెదురు పుల్లతో మట్టి గీకి, అట్టముక్కల మధ్య పెట్టి, వెనక చీటీ అంటించేవాణ్ని. లోహం, బరువు, ఎక్కడిది. ఈ మూడూ లేని నాణెం నా పెట్టెలో లేదు.

కాకినాడలో మాలాంటివాళ్లం ఎనిమిది, తొమ్మిది మందిమి నెలకోసారి కలిసేవాళ్లం. ఆ నెల నేను కొత్తగా కొన్న రోమన్ వెండి నాణెం పట్టుకెళ్లాను. ఒక వైపు ఆకుల దండ పెట్టుకున్న చక్రవర్తి తల, రెండో వైపు కుర్చీలో కూర్చున్న స్త్రీ. నా దగ్గరున్న వాటిలో అంత మంచిది లేదు. అట్ట నా చేతిలోనే ఉంచుకుని ఒక్కొక్కరికీ చూపిస్తున్నాను. అప్పుడొక పెద్దమనిషి నవ్వుతూ అన్నాడు, మీ యానాంలో తవ్వితే ఖాళీ సీసాలు తప్ప ఏం దొరుకుతాయండీ, ఎప్పుడూ పాండిచ్చేరి పోయి కొనుక్కురావడమేనా అని. మా ఊరి మందు షాపుల మీద ఆ వేళాకోళం కొత్తది కాదు. వందసార్లు విన్నాను. ఆ రోజెందుకో తట్టుకోలేకపోయాను.

"ఇది మా అడవిపొలంలోనే దొరికింది," అన్నాను.

నా నోటి నుంచి ఆ మాట ఎలా వచ్చిందో ఇప్పటికీ అర్థం కాదు. నాణెం వెనక చీటీ మీద, 'పాండిచ్చేరి, కొన్నది' అని నా దస్తూరీయే ఉంది. దాని మీద బొటనవేలు పెట్టుకుని కూర్చున్నాను. అందరూ ముందుకు వంగారు. ఎక్కడ, ఎప్పుడు, ఎవరికి? అబద్ధానికి స్థలం ఉంటే సరిపోదు, దొరికిన మనిషొకడు కావాలి. ఆ వారమే యానాం పక్కనున్న అడవిపొలం గ్రామంలో కొత్తగా తవ్విన రొయ్యల చెరువు కొలిచి వచ్చాను. నాతో కొలత గొలుసు పట్టిన కూలి మనిషి పేరే నాలిక మీద ఉంది. నూకరాజుకి దొరికింది, గట్టు సరిచేస్తుంటే, అన్నాను. అంతే. అందరూ చప్పట్లు కొట్టినంత పని చేశారు. ఆ పూట టీ కూడా వాళ్లే ఇప్పించారు.

వాళ్లలో ఒకరి బంధువు విలేకరి. జిల్లా పేజీలో నాలుగు లైన్లు వచ్చాయి. అడవిపొలం చెరువులో రోమన్ నాణెం, కూలీ నూకరాజుకు లభ్యం. కత్తిరించి డైరీలో అంటించుకున్నాను. సంతోషంగానే అంటించుకున్నాను, అది కూడా ఒప్పుకోవాలి.

నూకరాజుది యానాంలోని కనకాలపేట. నలభై దాటిన మనిషి, చదువు లేదు, మాట తక్కువ. గొలుసు పట్టడంలో మాత్రం అతనంత నికార్సైనవాణ్ని చూడలేదు. నేను కేకెయ్యకుండానే బిగించేవాడు, కడ్డీ సరిగ్గా గుచ్చేవాడు. ఆ నాలుగు లైన్లు వాళ్ల వీధికి ఎలా చేరతాయో నేను ఆలోచించలేదు. ఊళ్లో భూమిలోంచి ఒక వెండి బిళ్ళ వచ్చిందంటే ఎవరూ ఒక బిళ్ళ అనుకోరు, లంకెబిందెలు అనుకుంటారు. సర్వేయరు చేతిలో ఒకటి ఊరికే పెట్టాడంటే ఇంట్లో బిందెడు దాచే ఉంటాడు. వాళ్ల లెక్క అది. ఈ నేల మీద పుట్టి పెరిగిన నాకు ఆ లెక్క తెలియదా? తెలుసు. తెలిసీ తట్టలేదు.

నెల తిరక్కుండా, ఒక ఆదివారం పొద్దున్న నూకరాజు మా ఇంటికొచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. మెట్ల కిందే నిలబడ్డాడు.

"బాబుగారూ, నేను మీకు ఎండి బిళ్ళ ఎప్పుడిచ్చేనండి?"

నేను చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టాను.

"మా తమ్ముడు పొయ్యి కాడ గచ్చంతా పగలగొట్టేసేడండి. బిందేదిరా, నా వాటా ఏదిరా అంటాడు. మా ఇంటిదైతే మాటాడ్డం మానేసింది. ఇన్నేళ్లు కాపరం చేసి నా కాడే దాత్తావా అందండి. నాకేం దొరకలేదంటే ఈదంతా నవ్వుతాందండి."

అప్పుడు చెప్పవలసింది. ఒక్క వాక్యం. అక్కడ మేమిద్దరమే ఉన్నాం. అయినా నా కళ్ల ముందు కాకినాడలో వంగి చూసిన ఆ ముఖాలు కనిపించాయి.

"ఇచ్చావు నూకరాజూ. మర్చిపోయినట్టున్నావు," అన్నాను.

"నేనాండి?"

"తూర్పు గట్టు దగ్గర. మట్టి దులిపి నా చేతిలో పెట్టావు. ఏదో బిళ్ళండి, మీకు పనికొస్తదేమో అన్నావు."

అతను తన అరచెయ్యి తెరిచి చాలాసేపు చూసుకున్నాడు.

"మీరు రోజూ పుస్తకంలో రాత్తారు కదండి," అన్నాడు. "ఓపాలి సూడండి. అందులో ఉంటే నిజమేనండి."

లోపలికి వెళ్లాను. లోపలికి వెళ్లి, రావడానికి పట్టిన సమయంలో కూడా మనసు మారలేదు. డైరీ తెచ్చి చెరువు కొలిచిన రోజు పేజీ తీశాను. 'అడవిపొలం కొలత. గొలుసు నూకరాజు. ఎండ తీవ్రం. మధ్యాహ్నం పెరుగన్నం.' అంతే ఉంది. నేను ఆ అక్షరాల కింద వేలు జరుపుతూ, లేని వాక్యం చదివాను.

"నూకరాజు తూర్పు గట్టు దగ్గర దొరికిన వెండి బిళ్ళ ఇచ్చాడు."

అతను నా వేలినే చూశాడు.

"అయితే ఇచ్చే ఉంటానండి. ఆవేళ ఎండకి కళ్లు తిరిగినియ్యి నాకు," అన్నాడు. తర్వాత దణ్ణం పెట్టాడు. "ఏవనుకోకండి, మిమ్మల్ని అడగాల్సొచ్చింది."

నన్ను అనుమానించినందుకు అతను నాకు క్షమాపణ చెప్పి వెళ్లాడు.

ఇంతకన్నా సిగ్గుపడవలసింది ఇంకొకటుంది. ఆ వాక్యాన్ని నేను డైరీలో రాయలేదు. రాయబోయి ఆగాను. నా పుస్తకంలో అబద్ధం ఉండదని నాకు నేను చెప్పుకున్నాను, ఆ రోజు నిజాయితీగా ఉన్నానని కూడా అనుకున్నాను. తన చేతి కింద ఉన్న మనిషి జ్ఞాపకాన్ని చెరిపేసినవాడు, కాగితాన్ని పాడుచెయ్యనందుకు గర్వపడ్డాడు. అలాంటి మనిషి ఉంటాడా? ఉన్నాడు. మీతో మాట్లాడుతున్నది అతనే.

ఆ తర్వాత నూకరాజు గొలుసు పనికి రావడం తగ్గించాడు. రొయ్యలు పట్టేశాక చెరువులు ఎండగడతారు. అలా ఎండగట్టిన అడవిపొలం చెరువులో అతను ఒంటరిగా వంగి, జల్లెడ, బకెట్టు పెట్టుకుని బురద దేవుతుండగా స్కూటరు మీద వెళ్తూ రెండుసార్లు చూశాను. దారి మార్చి వెళ్లిపోయాను. మొన్న ఆ డైరీలు తీసి చూస్తే రెండుచోట్లా ఒకే మాట రాసి ఉంది. 'నూకరాజు పీతలు పడుతున్నాడు.' నా పుస్తకంలో అబద్ధం లేదని ఏ మొహంతో అనుకున్నాను? పీతలు పట్టడానికి జల్లెడ ఎందుకో నాకు తెలియదా?

పది రోజుల కిందట అతని భార్య సత్తెమ్మ వచ్చింది. మొన్న వేసవిలో నూకరాజు కామెర్లతో పోయాడట. నాకు తెలియదు. రొయ్యల మందు వచ్చే తెల్ల ప్లాస్టిక్ డబ్బా ఒకటి తెచ్చి వరండాలో పెట్టింది. ఇది బాబుగారికి ఇవ్వు, ఆయనకి తెలుస్తుంది, ఇందులో ఏదైనా పనికొచ్చేది ఉందేమో చూడమను అని పోయేముందు చెప్పాడట.

మూత తీశాను. నిండా చిన్న చిన్న కాగితం పొట్లాలు. ఒక్కో పొట్లానికి ఒక్కో దారం. దారాలకి ముడులు. కొన్నిటికి రెండు, కొన్నిటికి మూడు, ఒకదానికి అయిదు. ఈ ముడులేమిటని అడిగాను. తూర్పు గట్టు రాయి నుంచి ఎన్ని గొలుసుల దూరంలో దొరికితే అన్ని ముడులు వేసేవాడు, మీరు నేర్పిందేనటగా అంది.

నేను ఒక్కొక్కటీ విప్పాను. విప్పకుండా ఉండడానికి ధైర్యం చాలలేదు. సోడా మూతలు. మోటారు వాషర్లు. వల అంచుకు కట్టే సీసం గుళ్లు. నునుపెక్కిన రాగి బిళ్ళ ఒకటి, ఏ పాత కానీయో. కుండపెంకులు, గుండ్రంగా ఉన్నవే ఏరినట్టున్నాడు. నలభై పైన పొట్లాలున్నాయి. చెరువు ఎండినప్పుడల్లా, చూసిన ప్రతివాడూ పిచ్చోడని నవ్వుతుండగా, నేను ఒకప్పుడు చదివి వినిపించిన వాక్యం నిజమే అయితే ఇంకొకటైనా దొరికి తీరాలని, దొరికితే తమ్ముడికి వాటా ఇచ్చెయ్యొచ్చని, ఇంటిదానితో మాట కలపొచ్చని, ఆ మనిషి ఏళ్ల తరబడి తవ్వాడు. చివరి పొట్లం విప్పలేక ఆమె వైపు చూశాను. ఆమె ఆశగానే చూస్తోంది.

అప్పుడు చెప్పాను. అంతా. పాండిచ్చేరి, కాకినాడ, డైరీ, నా వేలు. తల వంచుకునే చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. ఆమె విప్పిన దారం ఒకటి తీసి వేలికి చుట్టుకుంది.

"అయితే ఆయన మతి సరిగ్గానే ఉందన్నమాట," అంది. "మొదట్లో దొరకలేదు దొరకలేదని నెత్తీ నోరూ కొట్టుకున్నాడండి. నేనే నమ్మలేదు."

నేను తీసుకున్నది అతని పేరు ఒక్కటే అనుకున్నాను. వాళ్లిద్దరి మధ్య ఉన్నది కూడా తీసుకున్నానని అప్పటిదాకా నాకు తెలియదు.

వెళ్లేముందు ఆమె ఒకటే అడిగింది, ఈ మాట మా మరిదితో, మా వీధిలో చెప్పమని. మర్నాడు పొద్దున్నే కనకాలపేట వెళ్లాను. నూకరాజు తమ్ముడు అప్పారావు వల బాగుచేసుకుంటున్నాడు. చుట్టుపక్కలవాళ్లు చేరారు. అందరి ముందూ చెప్పాను, నాణెం తీసి వెనక చీటీ కూడా చూపించాను. అప్పారావు ఓపిగ్గా విన్నాడు. తర్వాత దారం పళ్లతో కొరికి నవ్వాడు.

"మా అన్న పోయేడు కదండి. ఇంక బిందంతా మీ ఒక్కరిదేనన్నమాట."

అందరూ నవ్వారు. బతికున్నన్నాళ్లూ నూకరాజు చేతే కక్కించలేకపోయాం, మీరెక్కడ కక్కుతారు లెండి అని ఎవరో అన్నారు. నేను మళ్లీ మొదటి నుంచి చెప్పబోయాను. అబద్ధం చెప్పినప్పుడు ఒక్క వాక్యం సరిపోయింది. ఆ పూట గంటసేపు మాట్లాడినా ఒక్కరూ నమ్మలేదు. సత్తెమ్మ మాత్రం నవ్వలేదు. లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. ఆమె నన్ను క్షమించలేదు, నేనూ అడగలేదు. ఏమని అడగాలి?

ఆమెతో చెప్పడం మొదటిసారి. వీధిలో చెప్పడం రెండోసారి. ఇది మూడోసారి. మీరూ నమ్మకపోవచ్చు, అది నా చేతిలో లేదు. కాని ఈసారి రాస్తుంటే, ఏ వేలూ అడ్డం పెట్టకుండా రాస్తుంటే, ఊపిరి కాస్త ఆడుతోంది. నూకరాజుకి ఏమీ దొరకలేదు. నూకరాజు నాకు ఏమీ ఇవ్వలేదు. అతను చెప్పిందే నిజం.