తొందరపడి దిగిన తీగ

మా మేనత్త నోరు ఎప్పుడూ ఎర్రగానే ఉంటుంది, మాట మాత్రం సూటిగా ఉంటుంది. తమలపాకు తోటంటే ఆమెకు ప్రాణం. చిన్నప్పుడు నాకు జలుబు చేస్తే వెచ్చచేసిన ఆకు ఛాతీ మీద వేసి, "మందుల షాపు మన తోటలోనే ఉందే" అని మురిసిపోయేది. మామయ్య పోయాక చాకిరీ అంతా ఆమెదే, పెత్తనం మాత్రం ఆయన అన్నగారిది. ఆకు కొనడానికి వచ్చినవాళ్లతో ఆయన "నా తోట" అంటుంటే నాకు ఒళ్లు మండేది.

ఒక గాలివానకు తోట మొత్తం నేలకొరిగింది. తీగలను మోసే అవిసె చెట్లు విరిగిపడ్డాయి. పెద్దాయన గొడుగేసుకుని గట్టు మీదే నిలబడి పెదవి విరిచాడు.

"ఇంకేముందమ్మా, అంతా అయిపోయింది. దున్నించేసి వేరే ఏదన్నా వేద్దాం."

"తీగ చావలేదు బావగారూ. తొందరపడి దిగిందంతే."

ముదిరిన తీగను ఏటా కిందికి దించి, చుట్ట చుట్టి, మొదలు దగ్గర మట్టి కప్పుతారు. కణుపుల దగ్గర కొత్త వేళ్లు, కొత్త చిగుళ్లు వస్తాయి. కానీ వానల్లో ఆ పని ఎవరూ చేయరు, తడికి కుళ్లిపోతుంది. అత్త ఇప్పుడే ఆ పని చేస్తాననేసరికి పక్క తోటలవాళ్లు నవ్వారు. వానలు తగ్గేలోగా చిగురు కనబడకపోతే ట్రాక్టర్ దించుతానన్నాడు పెద్దాయన.

"కనబడకపోతే ట్రాక్టర్ నేనే పిలుచుకొస్తా, పోండి."

అత్త నలగని తీగలు ఏరి చుట్టింది. మట్టి పల్చగా కప్పింది. చినుకు పడితే చాలు, పార పట్టుకుని నీళ్లు బయటికి మళ్లించేది. నడుం పట్టేసినా మానదే! నేను కోప్పడితే, "నోరు మూసుకుని ఆ చివర కాలువ తియ్యి" అంది.

వానలు తగ్గాయి. అన్నట్టే పెద్దాయన ట్రాక్టర్‌తో వచ్చాడు. అత్త ఒక చుట్ట వైపు వేలు చూపించింది. ఆయన వంగి చూశాడు. మట్టిలోంచి లేత చిగురు తలెత్తింది. పక్కదాంట్లోనూ అంతే. ట్రాక్టర్ వచ్చిన దారినే వెనక్కి పోయింది. నా గర్వం ఇంతా అంతా కాదు.

తీగ కొత్త అవిసెల మీదికి పాకాక, మొదటి కోతకు కొత్త వ్యాపారి ఒకడు వచ్చాడు. పెద్దాయన అప్పుడే లేత ఆకు నములుతున్నాడు, కళ్లలో నీళ్లు. ఘాటుకేనట.

"తోట ఎవరిదండీ?" అడిగాడు వ్యాపారి.

"మా మరదలిది."

అత్త విననట్టే ఆకు కోస్తోంది. కాసేపటికి కూనిరాగం వినిపించింది. మా అత్తకు పాటలు రావు.