రంగక్క ఎక్కేదాకా కదలని టెంపో

మా ఊళ్లో ఓబన్నలు నలుగురు. రేషన్ కార్డులో అందరి పేరూ ఒకటే కాబట్టి పిలవడానికి ఏదో ఒక గుర్తు కావాలి. మూడు బోర్లు వేయించి చుక్క నీళ్లు చూడనివాడు బోరు ఓబన్న. రేషన్ అంగడి నడిపేవాడు డీలరు ఓబన్న. నేను చెప్పబోయేది టెంపో ఓబన్న గురించి. కొన్నేళ్లకు ఆ పేరులో నుంచి ఓబన్న కూడా రాలిపోయి ఉత్త టెంపో మిగిలింది. ఎవరైనా వాకిట్లో నిలబడి, "టెంపో ఉండాడా?" అని అడిగితే ఆయన భార్య బోరమ్మ లోపలి నుంచే, "బండి ఉండాది, మనిషి లేడు" అని చెప్పేది.

ఓబన్నకు చదువు అబ్బలేదు. పద్దెనిమిదేళ్ల వయసులో నాటకం అబ్బింది. నాగలమడికలో నాటకం ఆడినప్పుడు హార్మోనియం మేస్టరు పక్కన కూర్చుని తాళాలు కొట్టేవాడు. వేషం కట్టే నల్లప్పకు గొంతు పెద్దది, జ్ఞాపకం చిన్నది. పద్యం మధ్యలో మాట మరిచి నల్లప్ప నిలబడిపోతే, ఓబన్న కూడా తాళం ఆపి ఆయన కోసం ఎదురు చూసేవాడు. ఒకసారి మేస్టరుకు చిర్రెత్తుకొచ్చింది. హార్మోనియం మూసేసి జనం ముందే అన్నాడు:

"ఒరే, నీ చేతికి తాళం లేదురా. పోయి బండి తోలుకో."

ఓబన్న దాన్ని తిట్టుగా తీసుకోలేదు, సలహాగా తీసుకున్నాడు. ఆరేళ్లు లారీలో క్లీనరుగా ఉండి, డ్రైవింగు నేర్చుకుని, చివరికి ఒక పాత బండి కొన్నాడు. దాన్ని చేసిన కంపెనీ పేరు వేరే. కానీ లారీ కంటే చిన్నదై, ఆటో కంటే పెద్దదై, వెనుక తొట్టి ఉన్న ప్రతి బండీ మాకు టెంపోనే. పావగడలో పెయింటరు దగ్గరికి తీసుకెళ్లి బండి నుదుటి మీద, మాది కర్ణాటక కదా, కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ టెంపో అని రాయించాడు, చూసినవాళ్లకు అనుమానం రాకుండా.

ఆ బండిలో వేరుశనగ మూటలు పావగడకు పోయేవి. పెళ్లివాళ్లు, నొప్పులు వచ్చిన ఆడవాళ్లు, నాటకం తెరలు, ఆఖరికి ఆ హార్మోనియం మేస్టరు కూడా అందులోనే పోయేవాడు. ఎవరు పిలిచినా ఓబన్నది ఒకటే పద్ధతి. రావాల్సినవాళ్లంతా ఎక్కాలి. ఎక్కాక తాను కింద నిలబడి తొట్టిని అరచేత్తో రెండు దెబ్బలు కొట్టాలి. అప్పుడు వెళ్లి స్టీరింగు ముందు కూర్చోవాలి. మేస్టరు తొందరపెడితే, "మీకు తాళం ఉండాది, నాకు మనుషులు ఉండారు సామీ" అనేవాడట.

తర్వాత సోలార్ వచ్చింది. భూములు లీజుకు ఇచ్చాం. వేరుశనగ పండే చోట ప్లేట్లు నిలబడ్డాయి. ఇప్పుడు మా చేలోకి మేము పోవాలన్నా గేటు దగ్గర మెడలో కార్డు చూపించాలి. పంట లేకపోతే టెంపోకు మూటలు ఎక్కడివి? ఓబన్న మూటల బదులు మనుషులను ఎక్కించాడు. మా ఊరి ఆడవాళ్లు ఇరవై మంది ప్లేట్లు కడుగుతారు. నాలాంటి మగవాళ్లం నలుగురం నీళ్ల పైపులు లాగి, గడ్డి కోస్తాం. ఎండ ముదిరాక కాలిన అద్దం మీద నీళ్లు పడితే పగులుతుందని, కడిగే పని ఎనిమిదిన్నరకే ఆపేస్తారు. అందుకని ఆరింటికల్లా గేటు దాటాలి.

ఆలస్యమంటూ ఉంటే అది రంగక్క వల్లే. ఎనుమును పితికి, డైరీలో పాలు పోసి వచ్చేసరికి రోజూ అయిదు నిమిషాలు ఎక్కువ పడుతుంది. డైరీ తలుపు తీసేదే అయిదున్నరకు. ఓబన్న ఆ అయిదు నిమిషాలూ ఇంజను ఆపకుండా నిలబడి, బీడీ ముట్టించి, తర్వాత ఏటి దిగుడులో బండిని జోరుగా పోనిచ్చి పోయిన కాలాన్ని రాబట్టేవాడు. అయిదేళ్లలో ఒక్కరోజు కూడా గేటు దగ్గర లేటు పడలేదు.

పోయిన ఏడాది సైటు సూపర్‌వైజరు మంజునాథ్ ఒక కాగితం తెచ్చి చదివాడు. మధుగిరి మనిషి, తెలుగు బాగానే వస్తుంది. పదిహేనేళ్లు దాటిన బండ్లకు వచ్చే ఒకటో తేదీ నుంచి గేటు పాసు లేదు. కూలీలను తెచ్చేందుకు కాంట్రాక్టరు కొత్త వ్యాను పెడతాడు. ఓబన్న టెంపోకు పంతొమ్మిదేళ్లు.

"నాకు యాభై రెండు. నాకుండాదా పాసు?" అన్నాడు ఓబన్న.

"నీకుంది. నీ బండికే లేదు."

"బండి లేకుంటే నేనెవరప్పా? ఊర్లో ఇంకా ముగ్గురు ఓబన్నలు ఉండారు."

మంజునాథ్ నవ్వాడు. ఓబన్న నవ్వలేదు. ఆ గేటు మూసుకుంటే ఆ బండికి ఇంకో పని లేదని అందరికీ తెలుసు.

ఆ నెలలోనే ఇటలీ నుంచి రెంజో అనే ఆయన ఇన్వర్టర్లు సరిచేయడానికి వచ్చి ఉన్నాడు. ఒకరోజు పొద్దున ఆయనా మంజునాథూ వస్తున్న జీపు మా ఊరి దగ్గర పంక్చరైతే ఇద్దరూ టెంపో ఎక్కారు. ఎక్కేముందు రెంజో బండి నుదుటి మీది రాత చూసి, వేలు పెట్టి చదివి, పెద్దగా నవ్వాడు. అది వాళ్ల మాటట. ఆయన చెప్పేది మంజునాథ్ మాకు తెలుగులో చెప్పుకొచ్చాడు.

వాళ్ల దేశంలో టెంపో అంటే కాలం. మబ్బు పట్టిందా, ఎండ కాసిందా అని అడగడానికీ అదే మాట. పాట కట్టేవాళ్లు దాన్ని తీసుకుని పాట నడకకు పెట్టుకున్నారు. ఆ పాటల కాగితాలతో పాటే అది జర్మనీకీ ఇంగ్లాండుకీ పోయింది. మిగతాది మంజునాథ్ ఫోనులో వెతికి చెప్పాడు. జర్మనీలో ఒక కంపెనీ సరుకులు మోసే మూడు చక్రాల బండికి ఆ పేరు పెట్టింది. ఆ బండి మన దేశంలోనూ తయారైంది. తర్వాత బండ్లు మారాయి, కంపెనీలు మారాయి, మాట మాత్రం తొట్టి దిగలేదు.

"అంత దూరం నుంచి వచ్చిందా?" అన్నాడు ఓబన్న. "అందుకే మిట్ట ఎక్కుడు వస్తే దగ్గుతాది."

రంగక్క ఇంటి ముందు బండి ఆగింది. రెంజో గడియారం చూసుకున్నాడు. మూడు నిమిషాలు. నాలుగు. ఎందుకు ఆగామని అడిగాడు. ఓబన్న ఎనుము సంగతి, డైరీ సంగతి చెప్పాడు. రంగక్క చెంబు కడుక్కుంటూ వచ్చి ఎక్కింది. ఓబన్న దిగి రెండు దెబ్బలు కొట్టి వచ్చాడు. ఏటి దిగుడులో బండి పరిగెత్తింది. గేటు చేరేసరికి ఆరు కావడానికి రెండు నిమిషాలుంది.

రెంజో మళ్లీ గడియారం చూసుకుని ఏదో అన్నాడు. వాళ్ల నాన్న ఊరి బ్యాండులో క్లారినెట్ ఊదేవాడట. పాడేవాళ్లు ఒక చోట కాలాన్ని కొంచెం సాగదీసి, ఇంకో చోట తొందరపడి సరిచేస్తారట. దానికి వాళ్లు దొంగిలించిన కాలం అని పేరు పెట్టారట.

"దొంగతనం యాడిది సారూ," అన్నాడు ఓబన్న. "రంగక్క పాలు పితికింది. ఆ మాట గేటు కాడ కూడా చెప్పండి. మీ మాట పెట్టుకున్న బండి ఇది."

రెంజో నిజంగానే ఆఫీసులో చెప్పాడు. ఆఫీసువాళ్లు విని, కాఫీ ఇచ్చి, గేటుకు సంగీతంతో సంబంధం లేదన్నారు. ఇరవయ్యో తేదీ ఆయన వాళ్ల దేశానికి వెళ్లిపోయాడు. ఒకటో తేదీన వ్యాను వచ్చింది.

తెల్లటి ఏసీ వ్యాను. డ్రైవరు సచిన్ తుమకూరు పిల్లవాడు, మర్యాదస్తుడు. అయిదు నలభైకి ఊరు వదలాలని అతని ఫోను అరుస్తుంది. అరిస్తే అతను కదలాలి, లేకపోతే ఎక్కడో కూర్చున్నవాళ్లకు తెలిసిపోతుంది. మొదటి రోజు అయిదు నలభైకి వ్యాను బయలుదేరింది, మా నలుగురితో పాటు పదకొండు మంది ఆడవాళ్లతోనే. రంగక్క చెంబుతో వీధిలోకి వచ్చేసరికి దుమ్ము మిగిలింది. వంట ముగించి అయిదు నలభై దాటితే గానీ ఇల్లు కదలలేని మరో ఎనిమిది మందికి కూడా దుమ్మే. గేటు దగ్గరికి వ్యాను పది నిమిషాలు ముందే చేరింది. ఆ పది నిమిషాలూ గేటు తీయలేదు.

పదకొండు మంది ఎంత కడిగినా ఎనిమిదిన్నరకు సగం వరసలు మిగిలాయి. రెండో రోజు, మూడో రోజు అంతే. వ్యాను తప్పినవాళ్లు మొదటి రోజే ఓబన్న ఇంటి ముందుకు వచ్చారు.

"గేటు దాకా దింపు, టెంపో," అంది రంగక్క.

"దింపుతా. ఆడనుంచి మూడు కిలోమీటర్లు నడవల్ల. నడిచేసరికి ప్లేట్లు కాల్తాయి."

"మరేం చేస్తావు?"

"కూచుంటా," అని బండి ఫుట్‌బోర్డు మీద కూర్చున్నాడు. ఆ మూడు రోజులూ ఆయన దాని మీద నుంచి లేచింది తిండికే. బండి ఇక కదలదని తెలిసినా బోరమ్మ దాని తొట్టిలో గడ్డి మాత్రం వేయలేదు.

నాలుగో రోజు సాయంత్రం మంజునాథ్ వచ్చాడు. పైనుంచి అడుగుతున్నారు: బండి ముందుగా వస్తోంది, పని వెనకపడుతోంది, ఇదెట్లా అని.

"ఓబన్నా, నువ్వు వ్యానులో కూర్చో. మనుషులను పిలిచి ఎక్కించు. అంతే పని."

"తోలేది?"

"సచినే. నీకు తోలే పని లేదు."

ఓబన్న చాలాసేపు తన బండి అద్దం తుడిచాడు. ఒద్దంటే ఆ తొమ్మిది మంది పని పోతుంది. ఒప్పుకుంటే తాను స్టీరింగు వదలాలి. ఈ రెంటిలో ఏది బరువో తూచుకుంటున్నాడని నాకు అనిపించింది.

"ఒక మాట," అన్నాడు చివరికి. "నేను రెండు దెబ్బలు కొట్టేదాకా బండి కదలగూడదు. ఫోను ఏమన్నా అరవనీ."

"ఫోనుకు నేను చెప్పుకుంటాలే."

మంజునాథ్ నిజంగానే చెప్పుకున్నాడు. ఇప్పుడు ఫోను అయిదు నలభై అయిదుకు అరుస్తుంది. కంపెనీ ఓబన్నకు మెడలో వేసుకునే కార్డు ఇచ్చింది. దాని మీద ఫోటో కింద ఇంగ్లీషులో టైమ్ కీపర్ అని ఉంది. నాటకంలో తాళం నిలపలేవని వెళ్లగొట్టిన మేస్టరు ఇంకా బతికే ఉన్నాడు. ఓబన్న పావగడ వెళ్లినప్పుడు ఆ కార్డు ఆయనకు చూపించాడు. మేస్టరుకు చూపు ఆనక, అది ఆసుపత్రి కార్డు అనుకుని, "ఏమైందిరా నీకు?" అని అడిగాడట.

పాత బండి ఇంటి పక్కనే ఉంది. నెల తర్వాత బోరమ్మ దాని తొట్టిలో రాగి గడ్డి వేసింది. ఓబన్న చూసి, చూడనట్టు వెళ్లిపోయాడు.

ఓబన్న వ్యానెక్కిన మొదటిరోజు అది రంగక్క ఇంటి ముందు ఆగినప్పుడు నేనూ అందులోనే ఉన్నాను. సచిన్ ఫోను అరిచింది. అతను ఓబన్న వైపు చూశాడు. ఓబన్న డైరీ వైపు చూశాడు. రంగక్క చెంబుతో వచ్చి, మెట్టు మీద కాలు పెట్టి, లోపలి గాలికి వణికింది.

"ఏంది టెంపోలో ఇంత చలి?"

"ఇది టెంపో కాదక్కా, వ్యాను," అన్నాడు సచిన్.

రంగక్క ఓబన్నను చూసింది, సచిన్‌ను చూసింది.

"ఓబన్న ఉండాడు కదప్పా," అని వెళ్లి కూర్చుంది.

ఓబన్న కిందికి దిగి, తెల్లటి రేకు మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టాడు.