ఎక్కేటప్పుడు దించమన్నాడు

నవ్వుతారేటండి, నిజమే సెప్తన్నాను. అరకు ఘాటీ ఎక్కే కారుకి ఇంజను బాగుసేసే మనిషి, ఆ కొండదారి కొసదాకా ఒక్కసారన్నా ఎక్కలేదు. కోట ఊళ్ళో కమ్మరి దాలయ్య అంటే తెలీనోడు లేడు. కొండ మొదట్లోనే ఆడి కొలిమి. తలెత్తితే కొండే కనపడతాది. అందుకే గావాల, ఎప్పుడూ తలొంచుకునే ఉండీవోడు.

భయం ఊరికే రాలేదు లెండి. ఆల నాన్న సింతపండు కోసం బండి కట్టుకుని అరకు ఎల్లి, మన్నెం జొరంతో దిగేడు. మూడు గొంగళ్ళు కప్పినా ఒణుకు ఆగలేదు, ఆ ఒణుకుతోనే పోయేడు. పక్కనే కూకున్న దాలయ్యకి ఆ ఒణుకు అంటీసుకుంది. కొండ మీద మబ్బు దిగిందంటే సాలు, కొలిమి తలుపు మూసీసేవోడు.

మన్నెంలో పితూరీ అణిగి పోలీసులు కొండ దిగిపోయిన రోజులవి. బంగారయ్య శెట్టని కోట షావుకారు, ఎవలో జమీందారు వొదిలీసిన పాత కారొకటి కొన్నాడు. వెనక సీట్లు పీకించి బల్లలేయించేడు. పైకి ఉప్పు, బట్టలు, సంతకెల్లే జనం. కిందకి పసుపు, పిప్పళ్ళు. నడిపేవోడు బుధు, అరకు పక్క కొండమనిషి. ఆ కారు మనిషి నడకకన్నా నెమ్మదిగా ఎక్కీది. వెనకాల ఒకడు సెక్కదిమ్మ భుజానేసుకుని నడిసేవోడు. ఇంజను ఆగిపోతే బేగి సక్రం కింద దిమ్మ తొయ్యడమే ఆడి పని.

"ఒరే దాలిగా, ఇది కారేటిరా, ఈనిన గేదె. దీనికి దమ్ము తెప్పించు. దారిలో ఆగకూడదు, పాడవకూడదు" అన్నాడు శెట్టి.

పనంటే దాలయ్యకి భయం లేదండి. ఇంజను పైమూత విప్పి, అద్దం పలక మీద ఎమరీ గరుకుపొడీ నూనీ ఏసి, కొంచిం కొంచిం అరగదీసేడు. మూత పల్సనైతే లోపల గది ఇరుకవుతాది. ఇరుకులో నొక్కుకున్న పెట్రోలు ఆవిరి నిప్పంటుకుంటే గట్టిగా తంతాది. బలమంటే అదే. వాల్వులు నూరేడు. పిస్టను కడ్డీల మెడలకి తెల్లలోహం కరిగించి కొత్తగా పోసేడు. నీళ్ళు మరిగిపోకుండా రేడియేటరుకి ఇంకో వరస గొట్టాలు అతికేడు.

స్టీరింగు కింద ఒక పుల్లుంటాది. పైకి తోస్తే లోపల నిప్పు ముందుగా పడతాది, కిందకి లాగితే ఆలీసెంగా పడతాది. ఇంత బలమిచ్చిన ఇంజనుకి, బరువు లాగేటప్పుడు నిప్పు తొందరపడకూడదు. దాలయ్య నోట్లో మేకులెట్టుకునే సెప్పేడు.

"బుధూ, ఎక్కేటప్పుడు దించు. సదునొచ్చేక ఎక్కించు. మరిసిపోకు."

బుధు ఒకపాలి మేస్త్రీ మొకం సూసి తలూపేడు.

కారు ఉరికింది. సంతకెల్లే ముసలమ్మలు బల్లలట్టుకుని ఏడిసేరు, దిగేక మళ్ళీ అదే కారెక్కుతామన్నారు. శెట్టి మురిసిపోయి దిమ్మ మోసీవోణ్ణి మానిపించీసేడు. ఇంత జోరుగా ఎల్లే కారు వెనకాల మనిషెలా నడుస్తాడు? ఆ మాట ఇన్నాక దాలయ్య, కారు కొండెక్కినప్పుడల్లా సుత్తాపి దాని సప్పుడు ఇనీవోడు.

ఒకనాడు బుధు దిగొచ్చి కొలిమి గుమ్మంలో కూకున్నాడు. సుట్ట ముట్టించలేదు.

"మేస్త్రీ, లోపల ఎవుడో తలుపు కొడతన్నాడు."

"ఎక్కడ లోపల?"

"ఇంజన్లో. టైడా ఊరు దాటి నిటారుగా ఎక్కుతుంటే మొదలెడతాడు. మూకుడు మలుపు కాడ మరీ గట్టిగా కొడతాడు. ఆడెవుడో మా అమ్మ సెప్పింది."

ఆడెవుడో దాలయ్యకీ తెలుసు. అంతకుముందేడు మూకుడు మలుపు కాడ ఒక లారీ ఇంజను ఇరిగి, వెనక్కి జారి లోయలో పడింది. డ్రైవరు శవాన్ని డోలీ కట్టి ఈ కొలిమి ముందు నించే మోసుకెల్లేరు. సెయ్యొకటి బయటికి ఏలాడింది.

కారుని కోట వీధుల్లో తిప్పేడు. బస్తాలేసి తిప్పేడు. ఏ సప్పుడూ లేదు. సదును మీద అది పాలు తాగిన బిడ్డలాగుంది. మూత విప్పి సూసేడు. పిస్టను నెత్తి మీద సిన్న సిన్న గుంటలు పడ్డాయి, ఎవుడో సుత్తితో కొట్టినట్టే. ఒక కడ్డీ మెడ కాడ తెల్లలోహం బీటిచ్చింది. ఇంకొన్నాళ్ళలా నడిస్తే కడ్డీ ఇరుగుతాది. ఇరిగితే ఇంజనాగిపోతాది. ఆగితే కారు వెనక్కొస్తాది. వెనకాల ఇప్పుడు దిమ్మట్టుకుని ఎవుడూ లేడు.

ఆ లోహం మళ్ళీ పోసేడు గానీ, కొట్టీవోడెవడో తెలకుండా పోస్తే ఏటి లాభం?

అన్నం కలిపి అలాగే కూకుంటే, పెళ్ళాం అసిరమ్మ అడిగింది.

"ఏటి మావా, ముద్ద దిగదేటి?"

"నేను దానికి బలమివ్వకపోతే బుధుగాడు నెమ్మదిగా ఎల్లి నెమ్మదిగా వొచ్చీవోడే."

"అయితే ఎల్లి ఇనిరా, ఏం కొడతందో."

"కొండెక్కాలే."

"నానేటి, సెందురుడి మీదకెల్లమన్నానా? కొండకే కదా" అంది. అని, ఆడి ఏళ్ళొణుకుతుంటే కంచం తనే అట్టుకుంది.

తెల్లారేక కారు దగ్గిరకొచ్చేడండి దాలయ్య. పాత సెక్కదిమ్మ ఎతికి తెచ్చి ఒళ్ళో ఎట్టుకుని, బుధు పక్కన కూకున్నాడు. జనాన్ని ఎక్కించుకోలేదు, ఉప్పు బస్తాలే.

"ఆ దిమ్మేటి మేస్త్రీ, బిడ్డనెత్తుకున్నట్టు?"

"నువ్ ముందు సూడు."

కొండెక్కడం మొదలెట్టగానే కళ్ళు మూసీసుకున్నాడు. సెవులు మాత్రం తెరిసే ఉన్నాయి. గాలి సల్లబడింది. టైడా దాటింది. అప్పుడు ఇనపడింది, టక్ టక్ టక్కని. ఇనుప తలుపు మీద ఏలు మడిసి కొడతన్నట్టుంది. ఒళ్ళో దిమ్మని గట్టిగా వాటేసుకున్నాడు. లోయలోంచి మబ్బు దారి మీదకొచ్చేసింది. ఆల నాన్నని కప్పిన గొంగళ్ళు గుర్తొచ్చేయి. దెయ్యమో కాదో, సప్పుడు మాత్రం నిజం.

మూకుడు మలుపొచ్చింది. సప్పుడు గట్టిపడింది. భయంతో కళ్ళు తెరిసేడు దాలయ్య. తెరిసేసరికి బుధు సెయ్యి కనపడింది. స్టీరింగు కింద పుల్లని బలంకొద్దీ పైకి తోస్తన్నాడు.

"ఏటి సేత్తన్నావురా?"

"ఎక్కిస్తన్నాను."

"దించమన్నాను కదరా."

బుధు అటు తిరిగేడు. అంతే, కాలు జారిందో ఏటో, ఇంజనాగిపోయింది. ఏ సప్పుడూ లేదు. ఆ నిశ్శబ్దానికే దాలయ్యకి అన్నిటికన్నా భయమేసిందట. కారు వెనక్కి కదిలింది. బుధు బ్రేకు మీద నిలబడిపోయేడు, అయినా జారతంది. దాలయ్య ఎలా దూకేడో ఆడికే తెలీదు. మోకాళ్ళ మీద పడి, దిమ్మని సక్రం కింద తోసి, దాని మీద రొమ్మానించి పడుకున్నాడు. కారు దిమ్మకానుకుని, కిర్రుమని, నిలబడింది. లోయ అంచున రాళ్ళు కిందకి దొర్లుతున్న సప్పుడు శానాసేపు ఇనపడింది.

ఇద్దరూ రోడ్డు మీద కూకున్నారు. బుధు సెప్పేడు:

"కొండెక్కుతుంటే దించమన్నావు. కొండ మీద మాకు దించడమంటే కిందకి దిగడమే. నువ్వెప్పుడూ కొండెక్కలేదు కదా, ఎక్కేటప్పుడు ఎక్కించమనబోయి తిరగేసి సెప్పీసినావనుకున్నాను. పెద్దోడివి, పదిమందిలో తప్పనడం ఎందుకని నేనే సరిసేసుకున్నాను."

దాలయ్యకి నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. "ఇయ్యాల్టినించి ఎక్కడం దించడం అనొద్దురా. కొండొస్తే పుల్లని నీ ఒళ్ళోకి లాక్కో. సదునొస్తే ఒళ్ళోంచి తోసీ" అన్నాడు.

ఇంజను తిప్పేరు. బుధు పుల్లని ఒళ్ళోకి లాక్కున్నాడు. తలుపు కొట్టీవోడు లేడు, ముందుగా పడే నిప్పే ఆడు. కారు గుర్రుమంటూ మలుపెక్కింది.

"అమ్మ సోళ్ళంబలి కాసి, కోడి కోసి ఉంచింది మేస్త్రీ. నువ్వొస్తావని సెప్పేను. పైకి రా" అన్నాడు బుధు.

దాలయ్య పైన మబ్బుకేసి సూసేడు. కాళ్ళు కింద దారికేసి తిరిగిపోయేయి. "ఉట్టి సేతుల్తో ఏటొస్తాను? మీ అమ్మ యర్రమ్మకి మంచి కొడవలి సేసి, నేనే తెచ్చిస్తాను. నువ్వెళ్ళు" అన్నాడు. దిమ్మ బుధు కాళ్ళ కాడెట్టి, దిగువకి నడిసొచ్చీసేడు. మర్నాడు శెట్టి కాడికెల్లి, దిమ్మ మోసీవోణ్ణి కారెక్కించి తీసుకెల్తే తప్ప ఇంజను ముట్టుకోనన్నాడు. శెట్టి తిట్టుకుంటూనే ఒప్పుకున్నాడు.

కొడవలి సేసేడండి. కారు కమాను పట్టీ ఇనుముతో సేసేడు, ఎంటుక తెగుతాది. బుధు దిగినప్పుడల్లా అడిగేవోడు.

"అయిందా మేస్త్రీ?"

"పదునెట్టాలి."

"ఇలాగియ్యి, నేనట్టుకెల్తాను."

"నేనిస్తానన్నాను కదరా. నువ్వట్టుకెల్తే అది నీ కొడవలవుతాది."

యర్రమ్మ పాత మొండి కొడవలితోనే సోళ్ళ సేను కోసుకునీది. కొలిమిలో మేకుకి ఆ కొత్త కొడవలి ఏలాడీది. కొండ మీద మబ్బు దిగినప్పుడల్లా దాలయ్య లేసి, తలుపు మూసి, తుప్పట్టకుండా దానికి నూనె రాసి, మళ్ళీ అదే మేకుకి తగిలించీవోడు.